ఆపకు అన్నది నేనే

కోర్టు కాగితాలు ఎవరైనా వెళ్ళి చూడవచ్చని నాకు అరవై రెండో ఏటిదాకా తెలియదు. తెలిశాక, చూసేదాకా నిలవలేకపోయాను.

అప్పుడు అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అదో యూనివర్సిటీ ఊరు. ఎటు చూసినా వీపున సంచులతో చదువుకునే పిల్లలే. అమ్మాయి ఆ యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేసేది. అల్లుడిది కంప్యూటర్ ఉద్యోగం. నేను చెప్పబోయేది రెండు వేల తొమ్మిది చలికాలంలో మొదలైంది.

ఒకరోజు సాయంత్రం అయిదు గంటలకి ఇండియన్ స్టోర్ నుంచి వస్తున్నాం. సన్నగా వాన, అప్పుడే మసక పడింది. అమ్మాయి నడుపుతోంది. పక్క సీట్లో నేను, ఒళ్ళో గోంగూర కవరు. కారుకి కుడివైపున ఏదో తగిలింది. చప్పుడు పెద్దదేమీ కాదు, తలుపు వేసినట్టు వినిపించిందంతే. అమ్మాయి కాలు బ్రేక్ మీదికి పోయింది. కారు నెమ్మదించింది కూడా.

"ఆపకు," అన్నాను. "పోనియ్యి. జనం పోగవుతారు."

పోనిచ్చింది.

ఆ రోడ్డు మీద జనమే లేరు. ఆ సంగతి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది నాకు.

ఎందుకలా అన్నానో చెప్పాలి. మా ఆయన లారీ డ్రైవరు. ఒకసారి వినుకొండ దాటాక అడ్డం వచ్చిన మనిషికి బండి తగిలింది. ఈయన మంచివాడిలాగా దిగి, నీళ్ళు పట్టించబోయాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి కర్రలతో కొట్టారు. దెబ్బ తగిలిన మనిషి వారంలో లేచి తిరిగాడు గానీ, మా ఆయనకి ఎడమ చెవి మళ్ళీ వినపడలేదు. ఆ తర్వాత మా ఇంటికొచ్చే డ్రైవర్లందరూ ఒకటే మాట చెప్పుకునేవారు. తగిలితే ఆగొద్దు, నేరుగా పోలీసు స్టేషన్‌కి పోయి లొంగిపో అని. కారులో నేను మొదటి సగమే చెప్పాను. రెండో సగం నోటికి రాలేదు.

మూడో రోజు పోలీసులు ఇంటికి వచ్చారు. అమ్మాయీ అల్లుడూ నన్ను పై గదిలోకి పంపారు. వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మాయి పైకి వచ్చి, "జింక తగిలిందంట అమ్మా. ఇక్కడ జింక తగిలినా రిపోర్ట్ చేయాలి. చేయలేదని జరిమానా టికెట్ ఇచ్చారు," అంది. మొహం గోడవైపు పెట్టి చెప్పింది.

నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. కానీ ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోయాను. పొయ్యి మీద పప్పు పెట్టి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. కిటికీ దగ్గర్నుంచి గరాజ్‌లోకి పోయి కారు కుడివైపు తడిమేదాన్ని. నొక్కు అప్పటికే సరిచేయించేశారు. తగిలింది జింకా, మనిషా? మనిషైతే ఉన్నాడా, పోయాడా? నాకు కావలసింది ఆ ఒక్క ముక్క. ఆపకు అన్నది నేను కదా.

మే నెలలో పోస్ట్‌లో అమ్మాయి పేరున ఓ కవరు వచ్చింది. నాకు అక్షరాలు యాభై మూడో ఏట వచ్చాయి, మా ఊరి రాత్రిబడిలో, మా ఆయన పోయాక. అంతకుముందు నా పేరున వచ్చిన ప్రతి కాగితం ఎవరో ఒకరు చదివి, వాళ్ళకి చెప్పాలనిపించింది చెప్పేవారు. ఇంగ్లీషు అక్షరాలు ఈ ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళకి పెట్టిన క్లాసులో నేర్చుకున్నాను. మాటలు తక్కువే వచ్చు. రోడ్డు మీది బోర్డులే నా వాచకం. మొదట వచ్చిన మాట స్టాప్, ఎర్ర బోర్డు మీదది.

కవరు మీద కోర్టు అని ఉంది, ఆ మాట నాకు తెలుసు. లోపలి కాగితం తీశాను. తప్పే, తీశాను. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాట ఒకటి గోరింటాకు పొట్లం అట్టమీద బొమ్మ దించినట్టు దించుకుని, కాగితం మళ్ళీ పెట్టేసి కవరు అంటించాను.

మర్నాడు క్లాసులో మా టీచరుకి చూపించాను. యూనివర్సిటీలో చదువుకుంటూ ఊరికే చెప్పడానికి వచ్చే పిల్ల. "ఫెలొనీ," అని చదివింది. చిన్న నేరం కాదు, పెద్ద నేరమని చేతులు చాపి చూపించింది. ఎవరి మీద అని అడగలేదు. కౌంటీ కోర్టులో కంప్యూటర్ ఉంటుందనీ, పేరు చెబితే ఎవరి కేసైనా ఎవరైనా చూడవచ్చనీ చెప్పింది.

"ఎవరైనా?" అన్నాను.

"ఎవరైనా."

ఓ చీటీ ఇచ్చి నాలుగు మాటలు ఇంగ్లీషులో రాసిమ్మన్నాను. జింక. మనిషి. దెబ్బ. చావు. రాసిచ్చింది. నాలుగో మాట రాసేటప్పుడు మాత్రం ఒకసారి నా మొహం చూసింది.

సిటీ బస్సులో కోర్టు ఆరు స్టాపులు. గుమ్మంలో నా గాజులు తీయించి, సంచీ మిషన్‌లోంచి పంపించారు. అద్దం వెనక ఉన్న క్లర్కుకి అమ్మాయి పేరు రాసి చూపించాను. మా అల్లుడి ఇంటిపేరు ఆ యూనివర్సిటీలో గదికొకరికి ఉంటుంది. అమ్మాయి పేరూ అంతే, మా తెలుగువాళ్ళలో ఇంటికొకరు. క్లర్కు వెతికి, ఆ పేరుతో ఫెలొనీ ఒకటి ఉంది, పుట్టినరోజు చెప్పు, సరిచూస్తానంది.

అది నాకు నోటికి వచ్చు. నాగుల చవితి నాడు, నేను పుట్టకి పాలు పోసి వచ్చాక నొప్పులు మొదలయ్యాయి. రాత్రిబడి పంతులుగారి చేత ఆ రోజుని ఇంగ్లీషు తారీకులోకి మార్పించుకుని పెట్టుకున్నాను. చెప్పాను. క్లర్కు తల అడ్డంగా ఊపింది. కంప్యూటర్‌లో ఉన్న మనిషి పుట్టింది జూలై ఒకటిన అంది.

"మా అమ్మాయి కాదు," అన్నాను.

"కచ్చితంగానా?"

"నేనే కన్నాను."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకెవరో పాపం, ఎవరి పిల్లో అనుకుంటూ బస్సెక్కాను. కవరు సంగతి మనసులో పొడుస్తూనే ఉంది, పొరపాటున వేరేవాళ్ళది మన ఇంటికి వచ్చిందని సర్ది చెప్పుకున్నాను. నెలరోజులు కుదురుగా ఉన్నాను. పులిహోర చేశాను, బొబ్బట్లు చేశాను. "ఏందమ్మా, అంత హుషారు?" అంది అమ్మాయి. తను మాత్రం రెండు ముద్దలకి మించి తినలేదు.

జూన్ చివర్లో పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఓ కార్డు వచ్చింది. బెలూన్ల బొమ్మలు, అమ్మాయి పేరు, హ్యాపీ బర్త్‌డే. వీళ్ళకేం మతిపోయిందా, దాని పుట్టినరోజు కార్తీకంలో కదా అనుకుంటూ అల్మరాలో పెట్టబోయి ఆగిపోయాను.

మా ఊరి బళ్ళో పిల్లలందరూ జూలై ఒకటినే పుట్టేవారు. చేర్పించడానికి తీసుకెళితే హెడ్మాస్టరు పిల్ల మొహం చూసి, ఏ సంవత్సరమో లెక్కేసి, జూలై ఒకటి అని రాసుకునేవాడు. మా అమ్మాయికీ అలాగే రాశాడు. ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే వేశాను. ఏం రాశాడో నాకెలా తెలుస్తుంది? ఆ తారీకే పాస్‌పోర్ట్‌లోకి వచ్చింది, వీసాలోకి వచ్చింది, పళ్ళ డాక్టరు దాకా వచ్చింది. కోర్టుకి మాత్రం రాకుండా ఉంటుందా!

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అదే క్లర్కు. "జూలై ఒకటి," అన్నాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. కంప్యూటర్ ముందు కుర్చీ వేసి, కేసు తెరిచి ఇచ్చి వెళ్ళింది.

చీటీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. ముందు నాలుగో మాట కోసం వెతికాను. వరస వెంట వరస, తెర మీద వేలు పెట్టి, పై నుంచి కింది దాకా. ఆరు పేజీలు. లేదు. వరస ఏమైనా వదిలేశానేమోనని మళ్ళీ మొదటి నుంచి చూశాను. లేదు. అప్పుడు జింక కోసం చూశాను. అదీ లేదు. రెండో పేజీ మధ్యలో మాత్రం చీటీలో లేని మాటొకటి కనిపించింది. యూనివర్సిటీ రోడ్డు పక్కన పచ్చగీత దగ్గర బోర్డు మీద రోజూ చదివే మాట. బైసికిల్. దాని పక్కనే స్టూడెంట్. కింది వరసలో చీటీలోని మూడో మాట, దెబ్బ, తర్వాత లెగ్.

బతికే ఉన్నాడు. దెబ్బ కాలికి. వానలో, రోడ్డు పక్కన, ఎంతసేపు పడి ఉన్నాడో. నా గురించి ఏమైనా ఉందేమోనని మదర్ అన్న మాట కోసం కూడా చూశాను. ఎక్కడా లేదు. ఆ కాగితాల ప్రకారం కారులో మా అమ్మాయి ఒక్కతే ఉంది.

సాయంత్రం అది వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగాను.

"జింకకి సైకిలు ఎవరు కొనిచ్చారే?"

అలాగే ఒంటికాలి మీద నిలబడిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలా. చదివాను. కోర్టుకి పోయి."

"కోర్టుకా? ఎలా వెళ్ళావ్?"

"బస్సెక్కి."

"ఓ గాడ్, అమ్మా! నీ బీపీకి..."

"నా బీపీ మాట ఎత్తకు. ఆ పిల్లాడు నడుస్తన్నాడా?"

"నడుస్తున్నాడు. విరిగిన కాలు అతుక్కుంది, చంకకర్రలు తీసేశారంట, లాయర్ చెప్పాడు." అక్కడే మెట్టు మీద కూలబడింది. "తప్పు ఒప్పుకుని గిల్టీ ప్లీడ్ చేస్తున్నా. వచ్చే నెల శిక్ష చెబుతారు."

"నేనన్న మాట చెప్పావా వాళ్ళకి?"

"ఎందుకు చెప్పాలి? బ్రేక్ మీద కాలు నాది."

"కాలు నీదే. నోరు నాది."

"అమ్మా, ప్లీజ్. నిన్ను ఇందులోకి లాగను. వదిలెయ్."

వదల్లేదు. జడ్జికి ఇంటివాళ్ళు ఉత్తరం రాయవచ్చని లాయరు చెప్పాడట. మూడు రోజులు కూర్చుని తెలుగులో రెండు పేజీలు రాశాను. మా ఆయన చెవి సంగతి రాశాను. కారు నెమ్మదించిందని రాశాను. ఆపకు అన్నది నేనే అని రాశాను. కొట్టివేతలు చాలానే వచ్చాయి, ఉంచేశాను.

అల్లుడు దాన్ని ఇంగ్లీషులో టైప్ చేసి తెచ్చాడు. "బాగా వచ్చింది అత్తయ్యా," అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర బోర్డు మీది మాట కోసం వెతికాను. పేజీ అంతా వెతికాను.

"స్టాప్ ఏది?"

అతను గడ్డం గోక్కున్నాడు. "లాయర్‌కి చూపిస్తే ఆ లైన్ వద్దన్నాడు. దానివల్ల కేసుకి ఉపయోగం లేదంట. మనవాళ్ళ గురించి బ్యాడ్‌గా అనుకుంటారని..."

"ఉపయోగం కోసం రాయలేదు బాబూ. జరిగింది రాశాను. పెట్టండి."

అతను అమ్మాయి వంక చూశాడు. అది లేచి, లాప్‌టాప్ తన ముందుకు లాక్కుని తానే టైప్ చేసింది. చేసి నావైపు తిప్పింది. డోంట్ స్టాప్. రెండు మాటలూ చదువుకున్నాను.

జడ్జి జైలు వేయలేదు. రెండేళ్ళు ప్రొబేషన్ అని నిఘాలో పెట్టాడు. ఫెలొనీ అనే మాట మాత్రం దాని పేరు పక్కన ఉండిపోయింది. ల్యాబ్‌లో ఉద్యోగం పోయింది. గ్రీన్ కార్డ్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. నా ఉత్తరం దానికి మేలు చేసిందో కీడు చేసిందో లాయరు తేల్చి చెప్పలేదు, నేనూ తేల్చుకోలేదు.

వీసా మీద నాకిచ్చిన ఆరు నెలలూ, పొడిగించుకున్న ఆరు నెలలూ అయిపోవచ్చాయి. టికెట్ బుక్ చేశాక, మళ్ళీ బస్సెక్కి కోర్టుకి పోయాను. జూలై ఒకటి అన్నాను. కేసు తెరిస్తే చివర్లో నా ఉత్తరం ఉంది, నా వంకర అక్షరాలు, కొట్టివేతలతో సహా. వెనక పేజీలో ఇంగ్లీషు.

క్లర్కు నా భుజం మీదుగా తొంగి చూసింది. ఇదేం భాష అని అడిగింది. చెప్పాను.

ఆ కాలు విరిగిన పిల్లాడు వచ్చి ఇది చదివాడా అని అడిగాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో, రెండుసార్లు. ఆవిడకి అర్థమైంది. ఎవరు వచ్చి చూశారో తాము రాసిపెట్టుకోం అంది. ఎవరైనా రావచ్చు, చూడవచ్చు, వెళ్ళిపోవచ్చు.

ఇంకాసేపు కూర్చున్నాను. ఆ గదిలో ఇంకో ఇద్దరు ఉన్నారు, ఎవరి కేసులో వాళ్ళు చూసుకుంటున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కుంటుతూ ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూశాను.