పంచుకున్న రంపం

మిషనక్క అన్నదమ్ముల సంగతి ఆ వీధిలో ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు, తరువాత చెబుతారు. ఆవిడ మాత్రం నవ్వదు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, పంటితో దారం తెంపినంత తేలిగ్గా మాట తెంపేస్తుంది. "నాకు ఒక అన్న, ఒక తమ్ముడు అనుకునేరు. కాదమ్మా, ఒక్క రంపం. సగం పై వీధిలో కాపురం, సగం కింది వీధిలో కాపురం" అంటుంది.

అక్షరాలా నిజం. వాళ్ల తండ్రి చెట్లు కొట్టే మనిషి. ఏ చెట్టు ఎవరి ఇంటి మీదికి ఒరిగినా ముందు ఆయన్నే పిలిచేవారు. చివరి రోజుల్లో ముచ్చటపడి ఒక మోటారు రంపం కొనుక్కున్నాడు. ఆయన పోయాక పిల్లలు ఇల్లు పంచుకున్నారు, సామాను పంచుకున్నారు, ఆ రంపం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. నాదంటే నాదని పెద్దాడూ చిన్నాడూ జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. మధ్యవర్తిగా కూర్చున్న మేనమామకు విసుగు పుట్టి, "అయితే ఇంజను పెద్దాణ్ణి తీసుకోమనండి, బ్లేడూ దాని మీద తిరిగే చైనూ చిన్నాణ్ణి తీసుకోమనండి. పీడా వదిలిపోతుంది!" అన్నాడు. సిగ్గుపడతారని అన్న మాట అది. సిగ్గుంటే కదా! ఇద్దరూ "న్యాయంగానే ఉంది మామయ్యా" అని తలలూపి, అప్పటికప్పుడు స్పానరు తెప్పించి విప్పేసుకున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆడపిల్ల వట్టి చేతులతో పోకూడదని, గోడకు వేలాడుతున్న పాత రంపం తీసి మిషనక్క చేతిలో పెట్టారు. మోటారు రాకముందు తండ్రి వాడినది. అటొక పిడి, ఇటొక పిడి. ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా కూర్చుని లాగితే తప్ప తెగదు. "దాంతో నువ్వేం చేసుకుంటావే? తుప్పు సామానుకు వేసెయ్" అని పెద్దాడు సలహా కూడా ఇచ్చాడు. మహానుభావుడు! ఆవిడ దాన్ని తన కుట్టుగది తలుపు వెనక తగిలించింది. తుప్పు పడితే బట్టలకు అంటుతుందని, కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా దానికీ నాలుగు చుక్కలు వేసి గుడ్డతో తుడిచేది.

ఇక అన్నదమ్ముల భక్తి చూడాలి. ఆదివారం వచ్చిందంటే పెద్దాడు వంటింటి గట్టు మీద పాత పేపర్లు పరిచి ఇంజను విప్పేవాడు. గాలి ఫిల్టరు పెట్రోలులో కడగడం, ప్లగ్గు గీకడం, కార్బొరేటర్ లోపలి పలచటి పొరను వెలుతురుకేసి పట్టి చూడటం, పిస్టన్ బయటికి తీసి రింగులు తడమటం. ప్రాణం పోయినదాన్ని కదా అలా కోసి చూస్తారు, ఇదేం ఖర్మ! స్క్రూలు పాలగిన్నెలో, వాషర్లు టీ గ్లాసుల్లో. "ఈ ఇంట్లో పెట్రోలు వాసన కొట్టనిది నా తలకాయ ఒక్కటే" అని వదిన ఏడ్చేది. అన్నీ బిగించాక వసారాలో నిలబడి తాడు లాగేవాడు. ముందు బ్లేడు లేదు, చైను లేదు, ఊరికే అరుపు. ఖాళీ కుండకు మోత ఎక్కువ. "విన్నారా సౌండు! కొత్త మిషను కూడా ఇలా మోగదు" అని వీధి వైపు చూసేవాడు. వీధి తలుపులు వేసుకునేది.

చిన్నాడు తక్కువ తిన్నాడా? చైను పళ్లెంలో నూనె పోసి నానబెట్టేవాడు. గుండ్రటి ఆకురాయి పట్టుకుని ఒక్కొక్క పన్నునే రాసి రాసి మెరిపించేవాడు. బ్లేడు అంచు ఒకవైపే అరగకూడదని వారానికోసారి తిరగేసి తగిలించేవాడు. గోడకు వేలాడే బ్లేడు ఏ వైపు నుంచి అరుగుతుందో ఆ పెద్దమనిషికే తెలియాలి. "మిగతా సగం కొత్తది కొనుక్కోవచ్చు కదయ్యా" అని ఎవరైనా అంటే ఇద్దరిదీ ఒకటే జవాబు: "కొంటే వాడి వాటా వాడిదేనని ఒప్పుకున్నట్టు కాదా?" తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇంట్లో ఒక కొమ్మ కొట్టాల్సి వస్తే మాత్రం ఇద్దరూ కిక్కురుమనకుండా కూలివాణ్ణి పిలిచేవారు.

ఇలా ఏళ్లు గడిచాక ఒక గాలివాన వచ్చి, మిషనక్క పెరట్లో ఎండిపోయిన చెట్టు వేళ్లు సగం లేచి, కుట్టుగది మీదికి ఒరిగి ఆగింది. ఆ రేకుల గది ఆవిడ చెమటోడ్చి వేయించుకున్నది. దాని కింద ఆవిడ మిషను, పదిమంది ఇచ్చిపోయిన బట్టలు. మొగుడు లారీ డ్రైవరు, ఇంటికి ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. ఇంకొక్క గాలి కొడితే గదీ మిషనూ నుజ్జు నుజ్జు, తన బతుకు రోడ్డు మీద. చెట్లు కొట్టేవాళ్లేమో, "ఊరంతా చెట్లు పడున్నాయమ్మా, వచ్చే వారం చూద్దాం" అన్నారు. వాన మాత్రం వచ్చే వారం దాకా ఆగేలా లేదు.

పెద్దాడి దగ్గరికి పరుగెత్తింది. "నా ఇంజను ఎప్పుడూ సిద్ధమే. వాణ్ణి వచ్చి నన్ను అడగమను" అన్నాడు. చిన్నాడి దగ్గరికి పరుగెత్తింది. "నా చైను సిద్ధంగా ఉందక్కా. ఆయనొచ్చి అడిగితే కాదంటానా?" అన్నాడు.

"చెట్టు పడేది మీ పంతాల మీద కాదురా, నా నెత్తి మీద!"

"అదీ నిజమేలే" అని వాడు మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. ఊళ్లో వాళ్ల ఇళ్లన్నీ కాపాడిన మనిషి కూతురు, ఇద్దరు మగాళ్ల తోబుట్టువు, చెట్టు కింద దిక్కులేకుండా కూర్చోవాలా? ఏడిస్తే చెట్టు నిలబడదు గనక కళ్లు తుడుచుకుంది. బతిమాలితే కదలని వాళ్లు దేనికి కదులుతారో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

మళ్లీ పై వీధికి వెళ్లింది. "అన్నయ్యా, తమ్ముడు అంటున్నాడు, నీ ఇంజను వట్టి అరుపేనట. చైను తగిలిస్తే చచ్చి ఊరుకుంటుందట." పెద్దాడి మొహం కందగడ్డ అయింది. అటు నుంచి కింది వీధికి. "ఒరేయ్, అన్నయ్య అంటున్నాడు, నీ చైను వెన్నముద్దను కూడా కోయలేదట." చిన్నాడు ఆకురాయి విసిరికొట్టి లేచాడు. ఆవిడ ఇంటికి చేరేసరికే ఇద్దరూ పెరట్లో ఉన్నారు, చెరోవైపు తిరిగి.

"బ్లేడు తిన్నగా పెట్టమను వాణ్ణి" అన్నాడు పెద్దాడు చెల్లెలితో. "నట్టు బిగించడం వచ్చో రాదో కనుక్కో అక్కా" అన్నాడు చిన్నాడు. ఎలాగో బిగించారు. తాడు లాగగానే ఇంజను గర్జించింది. పెద్దాడు ఛాతీ విరుచుకుని రంపాన్ని మొదలుకు ఆనించాడు.

పొగ వచ్చింది. బెరడు మాడింది. పొడి కూడా రాలలేదు. "చైను చూడమను, చైను!" అని అరిచి ఇంకా అదిమాడు పెద్దాడు. అంతే, అన్నేళ్లు విప్పి బిగించి, విప్పి బిగించి మరలన్నీ అరిగిపోయిన ఇంజను, మొదటిసారి నిజమైన పని తగిలేసరికి వణికిపోయి స్క్రూలు రాల్చింది. కార్బొరేటర్ ఊడి పక్కకు వేలాడింది. మోత ఆగింది.

మిషనక్క వంగి చైను మీద వేలు పెట్టి చూసింది. పళ్లేవి? రాసి రాసి, రాసి రాసి, బియ్యపు నూకంత మిగిలాయి. పన్ను మరీ లోతుగా దిగకుండా దాని ముందు ఆపుగా ఉండే చిన్న దిమ్మలే ఇప్పుడు పళ్లకంటే ఎత్తుగా ఉన్నాయి. ఇక పన్ను చెట్టుకు తగిలేదెక్కడ? మెరుపుకు మాత్రం లోటు లేదు. ఒక్క పుల్ల కోయకుండా తండ్రి రంపాన్ని ఇద్దరూ కలిసి అరగదీసి పెట్టారు, ప్రేమగా.

"శభాష్" అంది ఆవిడ. "నాన్న చూసుంటే మీ ఇద్దర్నీ ఈ చెట్టు కిందే పడుకోబెట్టేవాడు."

అప్పుడే గాలి లేచింది. వేళ్ల దగ్గర ఏదో ఫట్‌మంది. ఆవిడ గదిలోకి దూరి తలుపు వెనక రంపం తెచ్చి ఒక పిడి పెద్దాడి చేతిలో, ఇంకో పిడి చిన్నాడి చేతిలో కుక్కింది. ఇరుగుపొరుగును కేకేసి, చెట్టుకు తాడు కట్టించి సందు వైపు లాగి పట్టుకోమంది. అన్నదమ్ములిద్దరూ ఎవరి పిడి వాళ్లు లాగారు, వదలడానికి ఎవరికీ మనసు రాదాయె. రంపం ఉన్నచోటే ఉంది.

"లాగినవాడు వదలాలిరా! నాన్న ఏం నేర్పాడు మీకు? వదలండి!"

వదిలారు. ఒకడు లాగితే ఒకడు వదిలాడు. పాత రంపం పొట్టు కక్కుతూ మొదట్లోకి దిగింది. కాసేపు వాళ్లు ఆ తండ్రి కొడుకుల్లాగే కనిపించారు, ఉన్నమాట చెప్పుకోవాలి. చెట్టు తాడు లాగిన వైపే పెద్ద చప్పుడుతో సందులో పడింది. రేకుల గదికి గీత కూడా పడలేదు. మిషనక్క గుమ్మం మీద కూలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

పెద్దాడు చెమట తుడుచుకుని రంపాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏం పదును! నాన్న చెయ్యే వేరు" అన్నాడు. తరువాత, అన్నేళ్లకు మొదటిసారి, తమ్ముడి మొహం చూసి మాట్లాడాడు. "ఇది పంపకాల్లో సరిగ్గా చూసుకోలేదు కదరా మనం?"

"అవునన్నయ్యా" అన్నాడు చిన్నాడు, ఎంతో ఆప్యాయంగా. "ఇది ఉమ్మడిదే అవ్వాలి."

మిషనక్క ఒళ్లు భగ్గుమంది. కలిశారనుకుంటే, కలిసింది ఇందుకా! లేచి వచ్చి రంపం మధ్యలో గట్టిగా పట్టుకుంది.

"ఉందిరా, మీకూ వాటా ఉంది. అటొక పిడి, ఇటొక పిడి. చెరొకటి ఊడబీక్కుని పోండి. రంపం నాది."

సిగ్గుపడతారని అన్న మాట అది. పెద్దాడు వంగి, పిడిని ఏ మరతో బిగించారోనని చూశాడు.