గొంతులో చిక్కిన పెళ్లి మిఠాయి

ఈ వయసులో, ఈమధ్యే మా కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

గుడియాత్తంలో మాది లుంగీలు నేసే ఇల్లు. వేలూరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మా కొడుకు, అక్కడి జపాన్ ఇంజనీరు ఒకాయన తన పెళ్లికి పంచిన మిఠాయి తెచ్చాడు. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి, జిగురు బియ్యప్పిండి ఉండలు.

“మొగుడూ పెండ్లామూ ఇట్లా అంటుకోనుండాలని ఇస్తారంటమ్మా,” అన్నాడు.

“మీయమ్మ పెండ్లైన కాడ్నుంచీ నన్నట్లే అంటుకోనుండాది లేరా,” అంటూ మా ఆయన ఉండను నమలకుండానే మింగబోయారు.

అది గొంతుకు అడ్డం పడింది. దగ్గు రాలేదు, మాట రాలేదు, మొహం నల్లబడింది. కొడుకు ఆయన్ను ముందుకు వంచి పట్టుకుంటే నేను వీపు మీద గుద్దుతూనే ఉన్నాను. నా చేతుల్లోనే పోతారనుకున్నాను. చివరికి ఉండ బయటపడింది.

“ఇంగ కొట్టింది చాల్లేమే,” అన్నారు, ఊపిరి తిప్పుకుని.

మరుసటి పొద్దున ఆయన మగ్గంలో కూర్చుని నేస్తుంటే, పొయ్యి కూడా వెలిగించకుండా పక్కనే కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను.