రాయి అనుకున్నది

ఎముకను ఉంచు, రాయిని తియ్యి. దక్షిణాఫ్రికా కరూ మెట్టసీమలోని ఆ చిన్న పట్నంలో, రాతిలో చిక్కిన పాత ఎముకలు శుభ్రంచేసే షెడ్డులో చేరిన రోజున నొలుసాపోకు ముజుకిసి నేర్పిన పాఠం ఇంతే. అంతకుముందు ఆమె మేకబొచ్చు కొట్టులో పనిచేసేది. సన్నదాన్నీ ముతకదాన్నీ కళ్లు మూసుకునే వేరుచేసేది. ఇక్కడా ఆ వేళ్లే ఆమెకు కూడు పెడుతున్నాయి.

ఆరోజు ఆమె చేతిలో ఉన్నది బొటనవేలంత పుర్రె. ఇరవై కోట్ల ఏళ్లు దాటిన జంతువుది. పాలిచ్చి పిల్లల్ని పెంచే ప్రాణులన్నిటికీ ఏదో వరసన ముత్తవ్వ. పుర్రె పైకప్పు సగం ఊడిపోయింది, లోపలంతా గట్టిపడిన మట్టి. గాలితో కొట్టుకునే ఉక్కుసూది పట్టుకుని ఆమె అలవాటుగా ముక్కు వైపు నుంచి గీరసాగింది.

"అంత నెమ్మదేంటి సిసీ? నువ్వు ముగించేలోపు దానికి మళ్లీ ప్రాణమొచ్చేలా ఉంది," అన్నాడు పక్కబల్ల దగ్గరి ముజుకిసి.

"నువ్వు తొందరపడి విరగ్గొట్టినవి అతికించీ అతికించీ నా కళ్లు పోయాయి, భుతీ." వాళ్ల మాటలో సిసీ అంటే అక్క, భుతీ అంటే అన్న.

అంతలో ఒక పెచ్చు టక్కున ఎగిరింది. ఆమె సూది ఆపింది. పెచ్చు ఊడిన చోటు వెనక మట్టి నున్నగా ఉంది. సూది తెచ్చిన నునుపు కాదది. నడుమ గాడి, ఇటూ అటూ ఉబ్బు. కాల్చిన గొర్రె తలకాయ పగలగొట్టినప్పుడల్లా చూసిన ఆకారమే.

"ఫ్యాను ఆపు."

"చలేస్తోందా?"

"ఆపమన్నానా. కాలు కదపకు. ఇది రాయి కాదు, మెదడు."

మెదడు కుళ్లిపోయిన ఖాళీలో బురద నిండి, అదే ఆకారంలో రాయి అయిపోయింది.

టీ కప్పుతో వచ్చిన డాక్టర్ వెర్‌మాక్, ఆ ఎముకల మీద పరిశోధన చేసే ఆవిడ, భూతద్దంలోంచి చూసి, కప్పు కింద పెట్టేసింది.

"ముందు భాగమేది?"

"నా సూదికి ఎగిరిపోయింది డాక్టరమ్మా."

"అది వాసన పట్టే ముద్ద. రెండోవైపుది ఎప్పుడో నలిగిపోయింది. ఈ వంశంలో మెదడు పెరగడం వాసనతోనే మొదలైందా అని అడగడానికి నాకున్నది అదొక్కటే."

"తిట్టండి."

"దొరికాక తిడతాను."

ముజుకిసి చీపురు అందుకోబోయాడు. "దాన్ని ముట్టావంటే చెయ్యి విరిచేస్తా," అంది నొలుసాపో. బల్లమీది ఇసుకను చిటికెడు చిటికెడు తీసి వేళ్ల మధ్య నలపకుండా దొర్లించింది. అన్నీ గరుకే. ఒళ్లో పడిన దుమ్ము చూసింది. గరుకే. చొక్కా మడతలోంచి ఒకటి జారింది. ఒకవైపు నున్నగా, బియ్యపు నూకంత.

దాన్ని పట్టుకారుతో ఎత్తి, సూదిమొనంత జిగురు అద్ది, పెచ్చు ఊడిన చోట ఆనించింది. ఎక్కువైతే జిగురు నునుపు మీదికి పాకుతుంది. తక్కువైతే నిలవదు. ఫ్యాను లేని రేకుల షెడ్డులో చెమట కనుబొమల మీదికి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాక్టరే తన చేతిరుమాలుతో ఆమె నుదురు అద్దింది.

"వదలొచ్చా?" అడిగింది డాక్టర్.

"ఇంకా కాదు."

చివరికి పట్టుకారు విప్పింది. ముక్క నిలిచింది. అంచున మాత్రం సన్నటి వెలితి, అక్కడిది పొడైపోయింది.

డాక్టర్ చాలాసేపు చూసి, "కొలవొచ్చు," అంది. "ఇప్పుడు తిట్టనా?"

"తిట్టండి. కానీ మిగతా మట్టి జోలికి ఈరోజు నేను పోను."