పదకొండు వందల నలభై ఏడో ఫ్రేము

మా యానిమేషన్ స్టూడియోలో బొమ్మల్ని నడిపించేది పెద్దక్క. నాది పక్క బల్ల, ఆ బొమ్మలకు శబ్దం కలపడం నా పని. కొత్తగా ఎవరు చేరినా ఆవిడే కూర్చోబెట్టి, తెర అడుగున ఉన్న టైమ్‌లైన్ చూపించేది.

"ఇవన్నీ వరసగా పేర్చిన గళ్ళు. ఒక్కో గడీ ఒక్కో ఫ్రేము. ఇరవై నాలుగు గళ్ళు దాటితే ఒక్క సెకను. మధ్యలో ఒకటి తీసేశావనుకో, వెనకవన్నీ ముందుకి జరుగుతాయి, శబ్దం మాత్రం జరగదు. అందుకని తీసిన చోట, దాని ముందున్న బొమ్మనే ఇంకో గడి సేపు నిలబెట్టాలి."

నాలుగేళ్ళ కిందట చేరిన పిచ్చుకకి ఈ పాఠం ముప్ఫై సార్లు చెప్పి ఉంటుంది. కిచకిచమంటూ వాగుతుందని పెద్దక్కే ఆ పేరు పెట్టింది. తన అన్నం డబ్బాలో సగం పెట్టి, దాని తప్పులన్నీ తన నెత్తిన వేసుకుని, నాలుగేళ్ళలో పనిమంతురాల్ని చేసింది.

పెద్దక్కకి ఒక అలవాటుంది. చేసిన ప్రతి సినిమాలోనూ ఒకే ఒక్క ఫ్రేములో, గుంపు మధ్యన, పోయిన చెల్లెలి ముఖం గీసేది. ఆవిడకి మొదటి కంప్యూటరు కొనిపెట్టింది ఆ చెల్లెలే. తెర మీద ఆ ముఖం రెప్పపాటు కూడా ఉండదు, ఎవరి కంటికీ ఆనదు. ఈ సంగతి పిచ్చుక ఒక్కదానికే చెప్పింది, ఫ్రేము నెంబరుతో సహా. ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్న నాకు చెప్పలేదు. ఆ ఉక్రోషం నాకింకా ఉంది.

సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయింది. పద్నాలుగేళ్ళుగా పెద్దక్క ఎదురుచూసిన కుర్చీ. ఆ వారమే మేనేజరు అందరి ముందూ ఆవిడ ఫైలు తెరిచాడు. అందులో మూడు వేల ఫ్రేములు. బొమ్మ తలకిందులుగా ఉన్నా కనిపెట్టలేని మనిషి, తడుముకోకుండా 1147 కొట్టాడు. తెర మీద చెల్లెలు నవ్వుతోంది.

"కంపెనీ సినిమాలో మీ ఇంటివాళ్ళ బొమ్మలేంటమ్మా?"

పెద్దక్క ఆయన వైపు చూడలేదు. పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక మౌసు వైరు సర్దుకుంటోంది. నమ్మించి గొంతు కోయడం నేను కళ్ళారా చూసింది అప్పుడే. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దక్క మాత్రం వచ్చి తన సీట్లో కూర్చుంది.

ఆ కుర్చీ పిచ్చుకకి వెళ్ళింది. ఎక్కగానే చేసిన మొదటి పని ఆ ఫ్రేము తీసేయడం. మధ్యాహ్నానికి ఫైలు నా దగ్గరకొచ్చింది. డప్పు మీద కర్ర ముందు పడుతోంది, చప్పుడు వెనక వస్తోంది. ఎందుకో నాకు తెలుసు. అయినా "కలవట్లేదు" అని మాత్రం రాసి తిప్పి పంపాను.

కాసేపటికి పిచ్చుక పెద్దక్క బల్ల దగ్గరకు వచ్చింది.

"అక్కా, మధ్యలోంచి శబ్దం కలవట్లేదు. రేపే పంపాలి. ఎక్కడ పోయిందో కాస్త చూడవా?"

పెద్దక్క చేస్తున్న పని ఆపింది. కొత్తవాళ్ళకి పాఠం చెప్పే గొంతుతోనే జవాబిచ్చింది.

"గడి తీసిన చోట ముందు బొమ్మని నిలబెట్టలేదు మీరు. అక్కడికెళ్ళి నిలబెట్టండి మేడమ్. నెంబరు నేను చెప్పక్కర్లేదు కదా, మీకు నోటికొచ్చు."

 ఆ తర్వాత పెద్దక్క పిచ్చుక అని ఎవరినీ పిలవలేదు.