హబ్సిగూడ వార్త పోలండ్ చేరిన సోమవారం

వెబ్‌సైట్ తెలుగు ఎడిషన్ మొదలైన రోజు మధ్యాహ్నం, సుకన్య రాసిన వార్త కింద వచ్చిన మొదటి కామెంట్ తెలుగులో లేదు. ఇంగ్లిష్‌లోనూ లేదు. అక్షరాల మీద గీతలు, కింద కొక్కేలు ఉన్న ఆ రెండు లైన్లను ఆమె యూనివర్సిటీ క్యాంపస్ క్యాంటీన్‌లో కూర్చుని చాలాసేపు చూసింది. ఎవరో పిల్లలు అల్లరికి చేతికొచ్చింది కొట్టారనుకుంది.

"కొమురెల్లీ, ఇదేంటో చూడు అబ్బాయ్."

కొమురెల్లి ఆ క్యాంపస్‌లోనే పరిశోధన విద్యార్థి. జనగామ దగ్గరివాడు. ఎడిషన్ కోసం ఆమె తీసుకున్న ఇద్దరు సబ్ ఎడిటర్లలో ఒకడు. ఫోన్ అందుకుని ఒక చోట నొక్కాడు. అక్షరాలు తెలుగులోకి మారాయి.

"గిది పోలిష్ మేడమ్. 'ఈ వార్త నిజమేనా, సంతకాలు శుక్రవారమేనా' అని అడుగుతున్నడు."

"పోలండ్‌లో మనవాళ్లున్నారా?"

"మనోడు కాదు మేడమ్. పోలండోడే. మీ వార్త మొత్తం సదివిండు."

"తెలుగులో రాసింది ఎలా చదువుతాడు?"

"నేనిప్పుడు పోలిష్ సదివిన కదా, అట్లనే."

సుకన్య ఫోన్ తీసుకుని మళ్లీ చూసింది. అప్పటికి కామెంట్లు పదకొండు అయ్యాయి. తెలుగులో ఉన్నది ఒక్కటే. 'ఫస్ట్ టైమ్ తెలుగులో చదువుతున్నా, సూపర్' అని.

సుకన్యకు నలభై ఎనిమిదేళ్లు. పుట్టింది నరసాపురంలో. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. పెళ్లయ్యాక తార్నాక వచ్చింది. భర్త శాంసన్ యూనివర్సిటీలో గుమాస్తా. ఆమె పందొమ్మిదేళ్లు ఒక దినపత్రికలో నల్గొండ జిల్లా వార్తలు దిద్ది పేజీలు పెట్టింది.

జిల్లా పేజీకి హద్దు ఉంటుంది. మిర్యాలగూడ వార్త మిర్యాలగూడ పేపర్ల వ్యాన్‌లోనే పోతుంది. దాన్ని భువనగిరివాడు చూడడు, తార్నాకవాడు అసలే చూడడు. ఇన్నేళ్లలో సుకన్య దిద్దిన ఒక్క లైను కూడా ఆమె అపార్ట్‌మెంట్‌లో ఎవరూ చదవలేదు. వాళ్ల గుమ్మాల ముందు పడేది సిటీ ఎడిషన్. "పేపర్లో ఏం రాస్తావమ్మా?" అని చర్చిలో ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండేది కాదు. పేరు కూడా ఎక్కడా పడేది కాదు. డెస్క్‌లో కూర్చునేవాళ్లకు పేరు వేసే ఆనవాయితీ లేదు. ఎడిషన్ అంటే ఆమెకు తెలిసింది అదే: ఎవరి ఊరి గోల ఆ ఊరివాళ్లకు.

తర్వాత ఆ పేజీలు మూతపడ్డాయి. ఏడాదిన్నర ఇంట్లో ఉంది. అప్పుడు 'సిక్స్త్ బటన్' ప్రకటన కనిపించింది. వీడియో గేమ్‌ల వార్తలు ఇచ్చే ఇంగ్లిష్ వెబ్‌సైట్ అది. ఆఫీసు బెంగళూరులో. తెలుగు, తమిళం, హిందీ, మరాఠీ ఎడిషన్లు ఒకే రోజు తెస్తామని, అనుభవం ఉన్నవాళ్లు కావాలని రాశారు. ఇంటర్వ్యూ చేసింది గిరీష్. అనంతపురం కుర్రాడు, నాలుగు ఎడిషన్లకూ అధిపతి.

"గేమ్స్ ఆడతారా మేడమ్?"

"లేదండీ. క్రికెట్టూ ఆడలేదు. అయినా జిల్లా ఎడిషన్‌లో ఏడేళ్లు ఆటల పేజీ కూడా పెట్టాను."

గిరీష్ నవ్వి ఉద్యోగం ఇచ్చాడు. ఎడిషన్లు ఎలా నడుస్తాయో చెబుతూ ఒక మాటన్నాడు: "ఏ ఎడిషన్ దారి దానిదే. ఒకదాంట్లో పెట్టింది ఇంకోదాంట్లో కనపడదు." సుకన్య తలూపింది. పందొమ్మిదేళ్లుగా ఆమె వింటున్న మాటే అది.

గిరీష్ ఇంకొకటి కూడా చెప్పాడు. అన్నీ అనువాదాలే అయితే మూడు నెలల్లో పైవాళ్లు మూసేస్తారు, మొదటిరోజు ఒక్కటైనా సొంత వార్త ఉండాలి, హైదరాబాద్‌దే అయితే మరీ మంచిది. కొమురెల్లి రెండు వారాలు తిరిగాడు. దొరికినవన్నీ అందరికీ తెలిసినవే.

సోమవారం ఎడిషన్ మొదలవుతుందనగా శనివారం సాయంత్రం సుకన్య ఎప్పటిలాగే ఎవాంజెలిన్ టీచరమ్మ ఇంటికి వెళ్లింది. టీచరమ్మ తార్నాక స్కూల్లో రిటైరై చాలాకాలమైంది. ప్రతి శనివారం ఆమె హాల్లో చాపలు పరిచి ఇంటి కూడిక జరుపుతారు. రెండు పాటలు, కొంచెం బైబిలు వాక్యం, ఆ తర్వాత ప్రార్థన అంశాలు. ఎవరికి ఏ కష్టం ఉంటే అది పైకి చెబుతారు. మోకాలి ఆపరేషన్, కోడలి కోపం, ఆగిపోయిన ప్రమోషన్. చెప్పినవన్నీ పేరుపేరునా తలుచుకుని అందరూ ప్రార్థిస్తారు. ఇది బయట చెప్పొద్దని అక్కడ ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ అవసరం రాలేదు.

ఆ శనివారం గిటారు వాయించే దిలీప్ కూడా చెయ్యెత్తాడు. ఇరవై ఆరేళ్లవాడు. సీతాఫల్‌మండి నుంచి వస్తాడు. హబ్సిగూడలో 'తూనీగ' అనే చిన్న గేమ్ స్టూడియోలో పని. ఆట విడుదలయ్యే ముందు ఎక్కడ తప్పుందో ఆడి పట్టుకునే ఉద్యోగం.

"మా కంపెనీ పరిస్థితి బాగాలేదు. పోలండ్ వాళ్లు కొంటామంటున్నారు. శుక్రవారం సంతకాలు. అది అయితేనే మా యాభై రెండు మందికీ ఉద్యోగాలుంటాయి. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

అందరూ ఆమెన్ అన్నారు. సుకన్య కూడా అంది. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ దిలీప్ పక్కన నిలబడింది.

"ఏ ఆట నాన్నా మీది?"

"వానలో ఆటో నడిపే ఆట ఆంటీ. మన తార్నాక సిగ్నల్ కూడా పెట్టాం. నీళ్లు నిలిస్తే ఆటో ఆగిపోద్ది."

"నీకెలా తెలిసింది, కొంటున్నారని?"

"వాళ్లకి చూపించాల్సిన రిపోర్ట్ నేనే చేశాను కదా." కొనే కంపెనీ పేరు కూడా చెప్పాడు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక సుకన్య రెండు పేరాలు రాసింది. శీర్షిక 'హబ్సిగూడ ఆటకు పోలండ్ కొనుగోలుదారు'. వానలో ఆటో గురించి రాసింది, తార్నాక సిగ్నల్ గురించి రాసింది, శుక్రవారం సంతకాలు జరగనున్నట్టు తెలిసిందని రాసింది. కొనే కంపెనీ పేరు రాసింది, దిలీప్ పేరు రాయలేదు. సోమవారం పొద్దున తూనీగకు ఫోన్ చేస్తే, సార్ మీటింగ్‌లో ఉన్నారని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. ఇలాంటి వార్తలు జిల్లా పేజీలో ఆమె వందలు వేసింది. వేసిన మర్నాడు ఆ వార్తలోని మనుషులే దాన్ని కత్తిరించి దాచుకునేవాళ్లు. కింద పేరు పెట్టమని కొమురెల్లి అన్నాడు. పెట్టింది. జీవితంలో మొదటిసారి.

పదకొండు గంటలకు క్యాంపస్ సెమినార్ హాల్లో గిరీష్ బటన్ నొక్కాడు. తెర మీద తెలుగు ఎడిషన్ వచ్చింది. అన్నిటికంటే పైన సుకన్య వార్త. విద్యార్థులు ఈలలు వేశారు. సెల్ఫీలు, సమోసాలు అయ్యాయి. మూడింటికి క్యాంటీన్‌లో పోలిష్ కామెంట్.

"తెలుగు ఎడిషన్ కదా కొమురెల్లీ! తెలుగువాళ్లకే కదా!"

"ఎడిషన్ అంటే దుకాణం బోర్డు మేడమ్. బోర్డు తెలుగులనే ఉంటది, లోపలికి ఎవరన్న వస్తరు. కొనే కంపెనీ పేరు ఇంగ్లిష్‌ల గూడ పెట్టినం. గాడ దాని షేర్లున్నోళ్లు గా పేరు యాడ కనపడ్తదా అని సూస్తనే ఉంటరు."

"నువ్వు ముందే చెప్పొద్దా?"

"మీకు ఎర్కే అనుకున్న మేడమ్."

ఆమె ఇంకేదో అడగబోతుండగా ఫోన్ మోగింది. దిలీప్.

"ఆంటీ, మీరు రాశారా?"

"ఏంటి నాన్నా?"

"తూనీగ గురించి. కింద మీ పేరుంది."

"మంచి వార్తే కదా నాన్నా. మీ కంపెనీకి అంత దూరం నుంచి..."

"ఆంటీ, అది ఎవరికీ తెలీదు. మా ఆఫీసులోనే ఆరుగురికి తెలుసు. సంతకాలయ్యేదాకా బయటికొస్తే కొనం అని వాళ్లు ముందే చెప్పారు."

సుకన్య తోచిందే అనేసింది.

"నువ్వు అందరి ముందూ చెప్పావు కదా నాన్నా."

దిలీప్ వెనక ఆఫీసులో ఎవరో గట్టిగా అరుస్తున్నారు.

"ప్రార్థన కోసం చెప్పాను ఆంటీ," అని పెట్టేశాడు.

కొమురెల్లి టీ గ్లాసులు రెండూ తీసుకెళ్లి తొట్టిలో పెట్టొచ్చాడు.

గిరీష్ ఇంకా క్యాంపస్‌లోనే ఉన్నాడు. సుకన్య సెమినార్ హాలుకి వెళ్లేసరికి ల్యాప్‌టాప్ ఎత్తి చూపించాడు.

"మేడమ్, ఇంగ్లిష్‌ని దాటేశాం! లక్షా ఎనభై వేల మంది చదివారు! తమిళం నాలుగు వేల దగ్గరుంది. మీ ఎడిషన్‌ని ఇంక ఎవరూ ముట్టుకోరు."

"ఆ వార్త తీసేద్దామండీ."

"ఏ వార్త?"

"తూనీగది. ఒక కుర్రాడి ఉద్యోగం పోయేలా ఉంది. వాడిదే కాదు, అందరివీ."

"తప్పు రాశారా?"

"లేదు."

"మరి? ఇప్పుడు తీసినా అందరి ఫోన్లలో ఉంది మేడమ్. 'తీసేశారు' అని ఇంకో వార్త అవుతుంది, అంతే." గొంతు తగ్గించాడు. "ఆ అబ్బాయి మీ సోర్సా? వదలొద్దు. శుక్రవారం ఏమైందో కూడా మనమే ముందివ్వాల."

సుకన్య అతని మొహం వంక చూసింది. వేళాకోళం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

మంగళవారం సాయంత్రం దిలీప్‌ని హబ్సిగూడ మెట్రో కింద టిఫిన్ సెంటర్‌కి రమ్మంది. వచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు లేదు.

"ఇడ్లీ తిను నాన్నా."

"వద్దాంటీ."

"ఎలా పట్టుకున్నారు నిన్ను?"

"పట్టుకోలేదు. అకౌంట్స్‌లో జ్యోతిర్మయి మీద పడ్డారు. వాళ్లక్క ఏదో పేపర్లో పని చేస్తదంట. లాప్‌టాప్ లాక్కున్నారు. ఆ అమ్మాయి ఏడుస్తా కూర్చుంది. నేనే వెళ్లి చెప్పా, ప్రేయర్ మీటింగ్‌లో చెప్పాను సార్ అని."

"ఏమన్నారు?"

"'జూమ్‌లోనా, టీమ్స్‌లోనా? రికార్డింగ్ ఉందా?' అన్నారు."

"నువ్వేం చెప్పావు?"

"టీచరమ్మ హాల్లో, చాపల మీద అన్నాను. వచ్చినవాళ్లందరి పేర్లూ రాసివ్వమన్నారు. వాళ్లలో సగం మందికి బటన్ ఫోన్లే సార్ అన్నాను."

సుకన్యకు నవ్వొచ్చింది. దిలీప్ నవ్వడం లేదని చూసి ఆగిపోయింది.

"నా పేరు అడిగారా?"

"అడిగారు. వార్త కిందే ఉంది కదా సార్ అన్నాను."

"మీ సార్‌తో నేను మాట్లాడతాను. తప్పు నాదని చెబుతాను."

"మీరు ఫోన్ చేస్తే అది కూడా వార్త కోసమే అనుకుంటారాంటీ." లేచాడు. "రేపట్నుంచి రావద్దన్నారు. కానీ శుక్రవారం సంతకాలు అయితే చాలు. మిగతావాళ్లన్నా ఉంటారు."

ఆ మాట పట్టుకుని సుకన్య మూడు రోజులు గడిపింది. కొమురెల్లి చేత రోజూ పోలండ్ వెబ్‌సైట్లు చదివించింది. బుధవారం కొనేవాళ్లు ఒక్క లైను ప్రకటన ఇచ్చారు, ఇలాంటి విషయాలపై తాము మాట్లాడబోమని. గురువారం ఏమీ లేదు. శుక్రవారం సాయంత్రం ఇంకో లైను వచ్చింది.

"మేడమ్," అన్నాడు కొమురెల్లి, "కొనే మాటలు ఆపేసినరంట."

"ఆపడమంటే? వాయిదానా?"

"వాయిదా అని లేదు. ఆపేసినం అనే ఉన్నది."

రెండు నిమిషాలకు గిరీష్ మెసేజ్ పెట్టాడు: 'మేడమ్, ఫాలోఅప్ ప్లీజ్, ఇరవై నిమిషాల్లో.' సుకన్య రాయనని జవాబిచ్చింది. అతను వాదించలేదు. ఇంగ్లిష్ ఎడిషన్‌లో వాళ్లే రాసుకున్నారు. మొదటి వాక్యంలోనే 'మా తెలుగు ఎడిషన్ మొదట బయటపెట్టిన' అని ఉంది. ఆమె పేరుకు లింకు ఇచ్చారు. వానలో ఆటో బొమ్మ కూడా వేశారు, తార్నాక సిగ్నల్ దగ్గర ఆగిపోయిన ఆటో.

ఆమె రాజీనామా చేయలేదు. మర్నాడు పొద్దున శాంసన్ అడిగాడు, చేస్తావా అని. చేస్తే తూనీగ తెరుచుకుంటుందా అంది. అప్పటికే తూనీగ యజమాని అందరినీ కూర్చోబెట్టి, నెలాఖరుతో తలుపులు మూస్తున్నట్టు చెప్పేశాడు. ఆ సంగతి సుకన్యకు చెప్పింది దిలీప్ కాదు. ఇంగ్లిష్ ఎడిషన్‌లో చదివింది.

శనివారం సాయంత్రం కూడికకు వెళ్లాలా మానాలా అని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని కాసేపు నిలబడింది. వెళ్లింది. "రామ్మా," అంది ఎవాంజెలిన్ టీచరమ్మ, ఎప్పటిలాగే. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. దిలీప్ గోడవారగా కూర్చున్నాడు. గిటారు వాయించాడు. రెండు పాటలయ్యాయి, వాక్యం అయింది.

"ప్రార్థన అంశాలు చెప్పండమ్మా," అంది టీచరమ్మ.

ఎవరూ చెయ్యెత్తలేదు. సుకన్య పక్కన కూర్చున్నామె భర్తకు గురువారం స్కానింగ్ తీశారు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఆమె చాప అంచు పీకుతూ కూర్చుంది. మోకాలి ఆపరేషన్ ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు. కిందటి వారం కోడలి గురించి చెప్పినావిడ బైబిలు తెరిచి పెట్టుకుంది, పేజీ తిప్పలేదు.

టీచరమ్మ ఇంకోసారి అడిగింది. అప్పుడు సుకన్య చెయ్యెత్తింది.

"దిలీప్ ఉద్యోగం కోసం. వాళ్ల ఆఫీసు యాభై రెండు మంది కోసం. వాళ్లలో జ్యోతిర్మయి అని ఒక..."

"పేర్లు వద్దులేమ్మా," అంది టీచరమ్మ, మెల్లగానే. "ప్రభువుకు తెలుసు. ఎవరి మనసులో వాళ్లం చేసుకుందాం."

అందరూ కళ్లు మూసుకున్నారు. కిందటి శనివారం చెప్పిన అంశాలు పద్నాలుగు. ఈ శనివారం ఒకటి.