సుజాత లేని నెల్లిమర్ల రోడ్డు

నా స్నేహితురాలు సుజాత కానిస్టేబుల్ ట్రైనింగుకు వెళ్ళాక ఒంటరిగా, వాచీ చూసుకుంటూ పరిగెడుతున్నాను. రోజూ రెండో కిలోమీటరుకే ఆగిపోతున్నాను. ఈ సాయంత్రం టీకొట్టు మావ అడిగేశాడు.

“ఏటే, ఆ పిల్లతో కబుర్లాడుకుంటా మిల్లు దాకా పోయేదానివి. ఇప్పుడేటి, ఇక్కడే సతికిలబడిపోతన్నావు?”

“మాటాడ్డానికి అది లేదు కదా మావా!”

“అది లేకపోతే ఏటి, నీ నోరు ఉన్నాది కదే!”

వాచీ తీసి జేబులో వేసుకున్నాను. పక్కన సుజాత ఉన్నట్టే కాలేజీ కబుర్లన్నీ పైకి చెప్పుకుంటూ, మాటకి ఊపిరి అందేంత నిదానంగా పరిగెత్తాను. ఎదురొచ్చినవాళ్ళు ఫోన్లో మాట్లాడుతున్నాననుకుని ఉంటారు. జూట్ మిల్లు గేటు వచ్చేసింది! అక్కడ ఆగి, అలవాటుగా తన జవాబు కోసం పక్కకి తిరిగాను.

మీలో నాలాంటి వసపిట్టలుంటే చెప్పండి, కబుర్లన్నీ అయిపోయాక తిరుగు దారిలో ఎలా పరిగెడతారు?