లోపలి గడియ

బిసేసర్ అంటే నాకు కుళ్ళు. ఈ మాట మా ఆవిడ సోన్‌మతి అంటే ఒప్పుకోను గాని, నా నోటితో నేను చెప్పుకుంటే తప్పేముంది? మా ఇద్దరి చెరకు పొలాలకీ మధ్య ఒక్క కాలువే అడ్డం. వాడిది కాలువకి పైన, నాది కింద. వాడి చెరకు నా చెరకు కంటే ఏపుగా పెరిగితే మట్టిలో తేడా అనుకుని సరిపెట్టుకుంటాను. గొంతు సంగతేం చెయ్యను? ఇద్దరం ఒకే గురువు ముందు కూచుని ఢోలక్ నేర్చుకున్నాం. వాడికి పాట వచ్చింది, నాకు పద్ధతి వచ్చింది. పద్ధతి వినడానికి ఎవరొస్తారు?

ఇక్కడ ఫిజీలో మా హోలీని మేం ఫాగువా అంటాం. పున్నమికి చాలా ముందునుంచే చౌతాల్ పాటలు మొదలవుతాయి. రెండు వరసలు ఎదురెదురుగా కూచుంటాయి. ఒక వరస పాట ఎత్తితే రెండో వరస అందుకుని జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ ఫాగువా దాకా లంబాసా బజారులో తలెత్తుకు తిరగలేం. పై వరసకి బిసేసర్ పెద్ద, కింది వరసకి నేను. పండుగనాడు ఇంటింటికీ తిరిగి పాడి, చివరికి వాడి వరండాలో చేరడం ఆనవాయితీ. వాడి వరండాయే ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. నా వరండా పెద్దది. పైగా సిమెంటు చేయించాను.

చూడ్డానికి మనిషి ఏమంత ఉండడు. పొట్టి. చెరకు మోపులు మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. కాని తనది అనుకున్నదాన్ని మాత్రం కళ్ళలో ఒత్తులు వేసుకుని కాపలా కాస్తాడు. బస్సు ఎక్కగానే ఎవడో అధికారి సంచీ విప్పమంటే అందరం విప్పుతాం, వీడు మాత్రం "ఎందుకు?" అంటాడు. బస్సంతా ఆగిపోతుంది. తనదాంతో ఊరుకున్నా బాగుండేది. ఒకసారి చెప్పాపెట్టకుండా సర్వేయరు నా పొలంలోకి దిగి కర్రలు పాతుతున్నాడు. నేను ఆయనకి టీ పెట్టిస్తున్నాను. ఈలోగా వీడు కాలువ దాటి వచ్చి మరీ తగువేసుకున్నాడు.

"నా పొలంలో నీ గోలేంట్రా?" అన్నాను.

"నీ పొలంలో అడక్కుండా దిగినోడు రేపు నా పొలంలో అడిగి దిగుతాడా?" అన్నాడు.

సర్వేయరు కర్రలు పీక్కుని వెళ్ళిపోయాడు. టీ చల్లారిపోయింది. ఊళ్ళో నెల్లాళ్ళు అదే కబురు. పొలం నాది, పేరు వాడిది!

ఈ గుణం వాడికి తాత నుంచి వచ్చింది. గిర్మిట్ అనే ఒప్పందం మీద ఇండియా నుంచి కూలీలుగా ఓడెక్కి వచ్చిన మా తాతలందరూ తోటల్లో బారుగా కట్టిన కూలి లైన్లలోనే బతికారు. వాళ్ళ గదులకి లోపల గడియ ఉండేది కాదట. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తోసుకుని వచ్చేవాడట. అన్నం తింటున్నా, ఆడవాళ్ళు బట్టలు మార్చుకుంటున్నా వాడికి లెక్కలేదు. గిర్మిట్ తీరి సొంత గుడిసె వేసుకునేటప్పుడు బిసేసర్ తాత గోడల కంటే ముందు తలుపు చేయించి, దానికి లోపలి వైపు ఇనుప గడియ కొట్టించాడు. ఇల్లు రెండుసార్లు తుఫానుకి ఎగిరిపోయినా ఆ గడియని వెతికి తెచ్చి కొత్త తలుపుకి బిగించారు. ఇప్పటికీ ఉంది, అరిగి అరిగి నున్నగా. మా తాత మాత్రం గిర్మిట్ తీరగానే మేకని కొన్నాడు. ఆ మేక సంగతి ఎవరూ చెప్పుకోరు.

నేను చెప్పేది సైన్యం గద్దెనెక్కిన తరవాత వచ్చిన ఫాగువా సంగతి. నలుగురు ఒకచోట కూడాలంటే పోలీసు ఠాణాలో అనుమతి తీసుకోవాలని రేడియోలో చెప్పారు. పెళ్ళికైనా, చావుకైనా, పాటకైనా సరే. మా ఠాణాలో కార్పొరల్ అపీసాయి ఉండేవాడు. కొండ అవతలి ఫిజీవాళ్ళ పల్లెవాడు, అయినా మా భాష మాకంటే బాగా మాట్లాడతాడు, మా ఊరి పెద్దవాళ్ళందర్నీ మామా అనే పిలుస్తాడు. ఇక నాకు భయమేముంది? ఇస్త్రీ చొక్కా వేసుకుని, దంచి నీళ్ళలో కలిపి తాగే యంగోనా మొక్క వేళ్ళ కట్ట మంచిది బజారులో కొని తీసుకెళ్ళాను. ఫిజీవాళ్ళ పల్లెలోకి అడుగుపెట్టే ఎవరైనా చేసే పనే అది. ఆ వేళ్ళు ఊరిపెద్ద ముందు పెట్టి, మీ చోటికి వచ్చాం, రానివ్వండి అంటాం. దాన్ని సేవుసేవు అంటారు. అపీసాయి చేతులు దొప్పలా మూసి చప్పట్లు కొట్టి మర్యాదగా అందుకున్నాడు. అనుమతి కాగితం రాసిచ్చాడు.

"నీ వరండాలోనే పాడుకోండి మామా. ఇంటింటికీ తిరగొద్దు. ఎగతాళి పాటలు అసలొద్దు. పైనుంచి ఆర్డరు," అన్నాడు.

నాకు మొదటి ముక్క ఒక్కటే వినపడింది. నా వరండాలోనే! ఎగిరి గంతేసినంత పని చేశాను. తిన్నగా బిసేసర్ ఇంటికే వెళ్ళాను. వాడు ఢోలక్‌కి తోలు బిగిస్తున్నాడు. కాగితం వాడి ముక్కు కింద పెట్టాను.

"ఊరికే ఇచ్చాడా?" అన్నాడు తలెత్తకుండా.

"యంగోనా పట్టుకెళ్ళాను. మనకీ మర్యాద తెలుసని."

"సేవుసేవు ఎవరిస్తార్రా హరఖూ? వచ్చినోడా, ఇంటాయనా?"

"వచ్చినోడు."

"నీ వరండాలో నువ్వు కూచోడానికి నువ్వే ఇచ్చొచ్చావు. ఇప్పుడు ఆ ఇంటికి ఇంటాయన ఎవడు?"

నాకు ఒళ్ళు మండింది. "అపీసాయి మంచోడు. అడిగితే కాదన్నాడా?"

"మంచోడే. రేపు వాణ్ణి బదిలీ చేసి ఇంకోణ్ణి కూచోబెడితే? అడిగి తెచ్చుకున్న పాట ఆ కుర్చీలో కూచున్నోడి సొమ్మురా. ఇవాళ తిరగొద్దన్నాడు, ఎగతాళి వద్దన్నాడు. వచ్చే ఏడు ఏ పాట పాడాలో కూడా రాసిస్తాడు."

"నీకు కుళ్ళు. అందరూ నా వరండాకి వస్తారని."

బిసేసర్ అప్పుడు తలెత్తాడు. "కుళ్ళే. నాదాని మీద ఇంకోడు చెయ్యేస్తే చచ్చేంత కుళ్ళు నాకు. నీకూ ఉందిలే, ఉండాల్సిన చోట తప్ప."

పండుగనాడు నా సిమెంటు వరండా నిండా చాపలు పరిచాను. సోన్‌మతి గంపెడు తియ్యటి గుల్గులాలు నూనెలో వేయించింది. అపీసాయి యూనిఫారంలో వచ్చి నడిమధ్య కుర్చీలో కూచున్నాడు. పాపం ఆయన ఏమీ అనలేదు. కాని రంగు చల్లే ముందు ప్రతివాడూ ఆయన మొహం చూశాడు. నా తోడల్లుడు అలవాటుకొద్దీ ఎగతాళి పాట అందుకోబోయి, సగంలో నాలిక కరుచుకుని దగ్గాడు. ఫాగువాలో ఎగతాళి లేకపోతే ఇంకేం మిగులుతుంది? మిల్లు దొరనుంచి పెళ్ళాం దాకా అందర్నీ ఆడిపోసుకోవడానికే కదా ఆ రోజు ఉన్నది! దేవుడి పాటలు రెండు పాడాం. చప్పగా ఉన్నాయి.

అప్పుడే కాలువ పైనుంచి బిసేసర్ ఢోలక్ మొదలైంది.

ఒకడు గేదెకి నీళ్ళు పెట్టాలని లేచాడు. ఇంకొకడు చుట్ట మర్చిపోయానన్నాడు. చూస్తూ ఉండగానే వరండా పలచబడింది. ఆఖరికి సోన్‌మతి గుల్గులాల గంప నడుమున పెట్టుకుని మెట్లు దిగుతోంది.

"ఎక్కడికే?"

"బిసేసర్ ఇంట్లో ఫుల్‌కువర్ వదినకి నూనె తక్కువైందంట."

"నూనె తక్కువైతే గుల్గులాలు ఎందుకే?"

అప్పటికే మెట్లు దిగిపోయింది. అపీసాయి నిట్టూర్చి టోపీ పెట్టుకుని కాలువ వంతెన వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. ఎందుకు దాచాలి, వాడు దొరికిపోవడం కళ్ళారా చూద్దామనే వెళ్ళాను.

బిసేసర్ ఒళ్ళంతా ఎర్రరంగుతో, మెడలో ఢోలక్‌తో గుమ్మంలో నిలబడ్డాడు.

"రా అపీసాయీ. చుట్టంగా వచ్చావా, పోలీసుగా వచ్చావా?"

"పోలీసుగానే మామా. అనుమతి ఉందా?"

"నా ఇంట్లో పాడుకోడానికి నేనెవర్నీ అడగను. చుట్టంగా వస్తే పళ్ళెం నిండా పెడతాను. పోలీసుగా వస్తే జడ్జి ఇచ్చిన కాగితం చూపించు."

"ఈ ఏడాది మాకు ఆ కాగితం అక్కర్లేదు మామా."

"అందుకేగా ఈ ఏడాది ఇంకా గట్టిగా పాడుతున్నాను."

 అపీసాయి బూట్లు గుమ్మం బయట విప్పి, లోపలికి వెళ్ళి, వాడి మెడలోని ఢోలక్ తీసి పక్కన పెట్టి, వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళు మెట్లు దిగగానే వాడి భార్య ఫుల్‌కువర్ తలుపు మూసింది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది.

ఇక నా వరండాయే మిగిలింది. నేను సంతోషించాలి. కాని జనమంతా నావైపు చూడను కూడా చూడకుండా వాడి వెనక ఠాణాకి నడిచారు. సోన్‌మతి, గంప, అందరూ. వాణ్ణి పట్టుకెళ్ళినా ఊరేగింపు వాడిదే! నేను ఒక్కణ్ణీ నా సిమెంటు చూసుకుంటూ కూచోవాలా? నేనూ వెళ్ళాను.

ఠాణా వెనక గడ్డిలో అందరూ నిలబడ్డారు. కటకటాల కిటికీలోంచి బిసేసర్ తల కనిపిస్తోంది. ఉన్నట్టుండి వాడు అరచేత్తో గోడ మీద తాళం వేస్తూ పాట ఎత్తాడు. ఇంటికొచ్చిన చుట్టం మంచమెక్కి కూచుని, ఇంటాయన్ని నువ్వెవరివని అడిగాడట, అని ఆ పాట. ఎత్తి, ఆపాడు. రెండో వరస అందుకోవాలి.

ఎవరూ నోరు విప్పలేదు. భయం మరి, భార్యాపిల్లలున్నవాళ్ళు. కింది వరస పెద్దని నేను. జవాబు నాది. నాకూ భయమే.  కాని ఒక్క ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. వాడు కటకటాల్లోంచి పాట ఎత్తితే హరఖ్ బయట ఎండలో నిలబడి కూడా అందుకోలేకపోయాడని బజారంతా చెప్పుకుంటుంది. ప్రాణం పోయినా ఆ మాట వాడికి దక్కనివ్వను. గొంతు సవరించుకుని జవాబు ఎత్తాను. మంచం కోళ్ళు విరిగి చుట్టం కింద పడ్డాడని. నా తోడల్లుడు అందుకున్నాడు. సోన్‌మతి గంప బోర్లించి దరువేసింది. గడ్డి మీద రెండు వరసలూ కలిసిపోయి ఒకటే పాటైంది.

అపీసాయి పరుగున వచ్చాడు. "హరఖ్ మామా, ఆపు! నీ అనుమతి నీ వరండాకేగా?"

జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మరి ఈ పాటకి ఎవరి అనుమతి?" అన్నాడు.

"ఇవాళ యంగోనా తేలేదు నాయనా," అని తరవాతి చరణం ఎత్తాను.

కటకటాల లోపల ఒక బల్ల, ఒక కిటికీ, బిసేసర్. నన్నూ లోపలికి తోసి తలుపు మూశాక, గడియ బయట వైపున పడింది. ఇద్దరం విన్నాం. 

"రెండో చరణంలో తాళం తప్పావు," అన్నాడు బిసేసర్.

"నువ్వు గోడని సరిగా కొట్టలేదు."

బయట మనవాళ్ళు ఇంకా పాడుతున్నారు, ఇంకా గట్టిగా. ముందొచ్చాడు గనక కిటికీ పక్క చోటు వాడు పట్టేశాడు. బయటివాళ్ళకి కనిపిస్తున్నది వాడి మొహమే.

"కాస్త జరగరా," అన్నాను.

జరగలేదు.